కాశీకి కారులో: సాలూరు దారే నయం

తమ్ముడూ, విజయనగరం నుంచి కాశీకి మీ ఇద్దరే కారులో వెళ్లాలి, భువనేశ్వర్ మీంచా రాయపూర్ మీంచా అని అడిగావు. నా ఓటు రాయపూర్‌కే. సాలూరు, కోరాపుట్, జయపురం, జగదల్‌పూర్. అక్కణ్ణుంచి 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే రాయపూర్, జబల్‌పూర్, రీవా మీదుగా ప్రయాగ దాకా అదే దారి. ఆపైన కాశీ ఇంకో 120 కిలోమీటర్లు ఉంటుందేమో.

సాలూరు దాటాక సుంకి ఘాట్ మాత్రం పగలే ఎక్కు. మలుపుల్లో లోడు లారీ వెనక పడితే ఓపిక పట్టు, ఓవర్‌టేక్ వద్దు. తిరుగు ప్రయాణంలో దిగేటప్పుడు రెండో గేరులో రా. అదేపనిగా బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు తప్పుతుంది. ఎదురుగా ఎక్కే బండికి దారివ్వడం రూలు కూడా. ఘాట్ ఎలా ఉందో సాలూరులో ఏ లారీ డ్రైవర్నైనా అడుగు, ఆ ఊళ్లో లారీలకేం కొదవ!

ఇక రోజుకి 700 కిలోమీటర్లు తోలతానంటే మరదలు ఒప్పుకోలేదన్నావు. ఒప్పుకోకపోతే తప్పేటి? మొదటి రాత్రి జగదల్‌పూర్‌లో ఆగండి, చిత్రకోట జలపాతం చూడొచ్చు. ఆమెకి లైసెన్సుంది కదా, రాయపూర్ దాటాక స్టీరింగ్ ఇచ్చి నువ్వు నోర్మూసుకుని పక్కన కూర్చో. బయల్దేరే ముందు ఫాస్టాగ్ బ్యాలెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీ, స్టెప్నీలో గాలి చూసుకో.