రాగి రేకు అంటించే ముందు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

నీ ఎలక్ట్రిక్ గిటారు రొద పెడుతోందని, దాన్ని ఆపడానికి లోపల అంటించే రాగి టేపు చుట్ట కొనేశానని రాశావు. ఆ చుట్ట కాసేపు పక్కన పెట్టి, ముందు రొదను విను.

ఆంప్లిఫైయర్ వేసి గిటారు వాల్యూమ్ పూర్తిగా తగ్గించు. అప్పటికీ మోత ఆగకపోతే కేబుల్‌నో ఆంప్లిఫైయర్‌నో అనుమానించాలి. ఆగితే మళ్లీ పెంచి, తీగల మీద చెయ్యి వెయ్యి. చెయ్యి పడగానే ఆ చిరచిర తగ్గిందంటే అది ట్యూబ్‌లైట్లు, గోడలోని వైర్ల చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రం పని. దాన్ని రాగి రేకు ఆపుతుంది. ఇక గిటారు పట్టుకుని నాలుగు దిక్కులకూ తిరుగు. ఒక వైపు తిరిగినప్పుడు తగ్గి, మరో వైపు పెరిగే గుమ్మనే మోత ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రానిది. మన 50 హెర్ట్జ్ కరెంటు మోతకు పల్చటి రాగి అడ్డే కాదు. గిబ్సన్ గిటార్ల కంపెనీలో సేథ్ లవర్ 1950లలో రెండు కాయిళ్లను కలిపి, తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే హంబకర్ అనే పికప్‌ను తయారు చేసింది ఈ మోతను వదిలించుకోవడానికే. నీ గిటారులో ఉన్నవి మూడూ ఒక్కో కాయిలే ఉండే సింగిల్ కాయిల్ పికప్‌లు. కాబట్టి ఒక రొద పోతుంది, మరొకటి మిగులుతుంది. అది తెలిసి మొదలుపెడితే తరువాత నన్ను తిట్టుకోవు.

తీగలు విప్పి, పిక్‌గార్డ్ అనే ముందు పలకను ఎత్తి, వైర్లున్నవి ఉన్నట్టు ఫొటో తీసుకో. దాని కింద పికప్‌లు, వైర్లు కూర్చునే గుంటల్లోని దుమ్ము తుడిచి, అడుగున, గోడలకు రేకు అంటించు. ముక్క మీద ముక్క కొంచెం ఎక్కాలి. కొన్ని టేపుల జిగురు కరెంటును పోనివ్వదు. అందుకే మల్టీమీటర్‌ను, కరెంటుకు దారి ఉంటే మోగే బీప్ మీద పెట్టి, దాని పుల్లల్లో ఒకటి ఒక ముక్కకు, రెండోది పక్క ముక్కకు తాకించి చూడు. బీప్ రాని చోట టంకం చుక్క వెయ్యి. గుంట అంచు దాటి రేకును కాస్త పైకి మడిస్తే, పిక్‌గార్డ్ వెనక అంటించిన రేకు దాన్ని తాకుతుంది. చివరగా గుంట రేకు నుంచి వాల్యూమ్ పాట్, అంటే వాల్యూమ్ నాబ్ కింది లోహపు డబ్బా, వీపుకు ఒక వైరు టంకం పెట్టు. ఈ వైరు లేకపోతే గుంటలో ఉన్నది రాగి అలంకారమే. పాట్ వీపు వేడిని మింగేస్తుంది, 25 వాట్ల ఐరన్‌తో కుస్తీ పట్టకు. 40కి తగ్గకుండా చూసుకో.

నా మొదటి గిటారుకు సాయంత్రమంతా కూర్చుని అద్దంలా రేకు అంటించాను. తీగలు బిగించి మీటితే చప్పుడే లేదు. రొద లేదు, సంగీతమూ లేదు! మళ్లీ అంతా విప్పితే తేలిందేమిటంటే, కేబుల్ గుచ్చే జాక్‌ను గుంటలోకి తొయ్యగానే దాని సిగ్నల్ రెక్క రేకుకు ఆనుతోంది. సిగ్నలంతా అక్కడే గ్రౌండ్‌లో కలిసిపోతోంది. అందుకని జాక్, స్విచ్ ఎదురుగా ఉన్న రేకు మీద నల్ల ఇన్సులేషన్ టేపు వెయ్యి. మూత బిగించే ముందే కేబుల్ పెట్టి, పికప్‌లను స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తట్టి చూడు. టక్కుమని వినిపించాలి.

ఇంకొకటి. రొద తగ్గుతుందని ఎవరైనా ఆంప్లిఫైయర్ ప్లగ్గులోని ఎర్త్ పిన్ను తీసేయమంటే వినకు. తీగలు ఆనే వంతెన కింది వైరు ద్వారా నీ తీగలు ఆ ఎర్త్‌కే కట్టి ఉన్నాయి, నీ వేళ్లు వాటి మీదే ఉంటాయి. నువ్వుండే అద్దె గదిలో సాకెట్‌కు అసలు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించు. ఇది మాత్రం టేపు అంటించే లోపే చేయించు.

నీ బాబాయి