కెమిస్ట్రీ చదివిన పిల్ల శిల్పాల చరిత్ర చదువుతానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది. మార్కులు బాగానే వస్తాయి. ఎమ్మెస్సీయో ఎంబీఏనో చేస్తుందనుకుంటే, ఆసియా దేశాల ప్రాచీన చిత్రకళ, శిల్పకళల చరిత్ర చదువుతానని పట్టుబట్టింది. అజంతా, అమరావతి, చైనా, జపాన్ అంటూ ఎప్పుడూ ఆ పుస్తకాలే. అంతగా ఇష్టమైతే లండన్‌లో ఏడాది క్యురేటింగ్ (మ్యూజియం వస్తువులను, ప్రదర్శనలను చూసుకునే పని) మాస్టర్స్ చేయించమని కన్సల్టెన్సీ వాళ్లు చెప్తున్నారు. దానికి ఇల్లు తనఖా పెట్టి లోన్ తీసుకోవాలి. ఇక్కడి ఎంఏ మేలా, అక్కడి మాస్టర్స్ మేలా, పోల్చి చెప్పండి. అసలు ఈ చదువుతో బతకగలదా? బంధువులు అడిగితే ఏం చదువుతోందని చెప్పాలో కూడా తెలియడం లేదు. – ఒక తండ్రి

జవాబు: పోల్చి చెప్తాను. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ ఆఖరి వాక్యం. ఒక పిల్ల డిగ్రీలో మార్కులు తగ్గకుండా చూసుకుంటూనే, ఎవరూ చెప్పకుండా ఇంకో సబ్జెక్టు పుస్తకాలు తెచ్చుకుని చదువుతోంది. అది చూసి మీకు ముందు గుర్తొచ్చింది బంధువులా? కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి. ఇంజినీరింగ్‌లో చేరి, నాలుగేళ్లు గడిచినా బ్యాక్‌లాగ్‌లు తీరని పిల్లల్ని వెంటబెట్టుకుని ఎంతోమంది తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తారు. బంధువులకు చెప్పుకోవడానికి వాళ్ల దగ్గర పేరున్న కోర్సే ఉంది. పిల్లాడికే దారి లేకుండా పోయింది.

ఆ మొహమాటం కింద ఇంకో భయం ఉందని నాకు తెలుసు. రేపు మనం ఉన్నా లేకపోయినా పిల్ల తన కాళ్ల మీద తను నిలబడగలదా అన్న భయం. అది న్యాయమైనదే. దాన్ని దృష్టిలో పెట్టుకునే మిగతాదంతా రాస్తున్నాను.

ముందు మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది ఏమిటో తెలుసుకోండి. బొమ్మలు చూసి మురిసిపోవడం అనుకుంటున్నారేమో, కాదు. తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఫాన్ క్వాన్ అనే చైనా చిత్రకారుడు పట్టు మీద వేసిన కొండల చిత్రం ఉంది. సుమారు వెయ్యేళ్ల నాటిది, రెండు మీటర్లకు పైగా ఎత్తు. కింద కుడివైపు కంచరగాడిదల బారు నడుస్తుంటుంది. ఆ బారు వెనక ఆకుల గీతల్లో కలిసిపోయేలా చిత్రకారుడు సంతకం చేశాడు. దాన్ని 1958లో గానీ ఎవరూ గుర్తించలేదు. అంతకుముందు ఎందరు చక్రవర్తులు, ఎందరు పండితులు ఆ చిత్రాన్ని చూసి ఉంటారో ఆలోచించండి. ఆ సంతకం బయటపడ్డాక, ఆ చిత్రం ఎవరిదన్న వాదనకు గట్టి ఆధారం దొరికింది. ఈ చదువు నేర్పేది అలా చూడటం.

మన అమరావతి దగ్గరికి రండి. అక్కడి స్తూపానికి పలకలు చెక్కించి ఇచ్చినవాళ్లంతా రాజులు, పెద్ద వర్తకులు అనుకుంటాం. పూర్ణఘటం (నిండు కలశం) చెక్కిన ఒక పలక మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఉన్న శాసనం విధికుడు అనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి చేసిన దానమని చెబుతుంది. తోలు పని చేసే మనిషి, ఆయన ఇంటిల్లిపాది పేరు మీద రాతి పలక! దాన్ని చదవగలిగితే దాదాపు రెండు వేల ఏళ్ల నాటి సమాజం కళ్ల ముందు నిలుస్తుంది. చదవడం రాకపోతే అది అందమైన రాయి, అంతే. లిపి, భాష, పదార్థం, చరిత్ర నాలుగూ కలిస్తేనే ఈ చదువు. ఎంబీఏ కంటే తేలికని మీకెవరైనా చెప్పి ఉంటే నమ్మకండి.

ఇక కెమిస్ట్రీ వృథా అవుతుందన్న బాధ. ఈ రంగంలో కెమిస్ట్రీ తెలిసిన పిల్లకు ఉన్న విలువ మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. అజంతా చిత్రాలను కాపాడటానికి 1920 ప్రాంతంలో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి నిపుణులను రప్పించింది. ఊడిపోతున్న పెచ్చులను వాళ్లు నిలబెట్టారు. కానీ అప్పట్లో పూసిన లక్క వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కి, దుమ్ము పట్టి, అసలు రంగుల్నే కప్పేసింది. తర్వాత దాన్ని పొరపొరగా తీయడానికి ఏళ్లు పట్టింది. అడుగున ఉన్నది మట్టి, ఊక, గడ్డి కలిపిన పూత. దాని మీద పలచటి సున్నం, ఆపైన ఖనిజపు రంగులు. ఏ ద్రావకం వార్నిష్‌ను కరిగించి రంగును వదిలేస్తుంది? ఇది అచ్చంగా కెమిస్ట్రీ ప్రశ్న. పురావస్తు శాఖకు డెహ్రాడూన్‌లో సైన్స్ బ్రాంచ్, కేంద్ర సాంస్కృతిక శాఖకు లక్నోలో నేషనల్ రీసెర్చ్ లేబొరేటరీ ఫర్ కన్జర్వేషన్ ఉన్నది ఇందుకే. కన్జర్వేషన్ అంటే పాత కళావస్తువులు పాడైపోకుండా కాపాడే పని. ఇంకో మాట. బోస్టన్ మ్యూజియంలో 1917 నుంచి భారతీయ కళను చూసుకుని, ప్రపంచానికి దాన్ని పరిచయం చేసిన ఆనంద కుమారస్వామి డాక్టరేట్ చేసింది భూగర్భశాస్త్రంలో.

ఇప్పుడు లండన్ సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఈమధ్య నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబం చేతిలోనూ ఈ బ్రోషర్ ఉంటోంది. క్యురేటర్ అన్న పేరుకు మోజు పెరిగింది. ఆ ఏడాదిలో పిల్లలకు మంచి లైబ్రరీ, గొప్ప మ్యూజియంలు, కొత్త పరిచయాలు దొరుకుతాయి. కాదనను. కానీ వాటిలో చాలా కోర్సులు ప్రదర్శనలు ఎలా ఏర్పాటు చేయాలి, ఆర్ట్ మార్కెట్ ఎలా నడుస్తుంది అన్నవాటి చుట్టూ తిరుగుతాయి. ఎక్కువభాగం సమకాలీన కళ. మీ అమ్మాయికి కావలసింది అజంతా, అమరావతి, చైనా. ఆ పేర్లు సిలబస్‌లో ఎన్నిచోట్ల ఉన్నాయో కన్సల్టెన్సీ వాళ్లను అడగండి.

ఆ తర్వాత ఉద్యోగం. పశ్చిమ దేశాల మ్యూజియంలలో ఆసియా విభాగాల్లో పోస్టులు బహు కొద్ది. వాటికి పోటీపడేవాళ్లకు సాధారణంగా పీహెచ్‌డీ ఉంటుంది, సంస్కృతమో టిబెటనో ప్రాచీన చైనీసో చదవడం వస్తుంది. ఏడాది మాస్టర్స్‌తో వెళ్లిన పిల్లకు ఆ రెండూ ఉండవు, నెత్తిన ఈఎంఐ మాత్రం ఉంటుంది. ఆ భారంతో ఈ రంగంలో చిన్న జీతంతో మొదలుపెట్టడం కుదరదు. దొరికిన ఇంకో ఉద్యోగంలో చేరిపోతుంది, ఇష్టపడ్డ చదువు అక్కడితో ఆగిపోతుంది. అలా ఆగిపోయిన పిల్లల్ని చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. అమరావతి శిల్పాల మీద 1942లో ప్రామాణిక గ్రంథం రాసిన సి. శివరామమూర్తి మద్రాసు మ్యూజియంలో పనిచేసి, తర్వాత ఢిల్లీ నేషనల్ మ్యూజియం డైరెక్టర్ అయ్యారు. ఆయన బలం సంస్కృతం, శాసన లిపులు. విదేశానికి వెళ్లొద్దని అనడం లేదు. ఇక్కడ ఎంఏ చేసి, ఒక భాష పట్టుకుని, ఫెలోషిప్‌తో పీహెచ్‌డీకి వెళ్తే అది వేరే ప్రయాణం. అప్పుడు ఇల్లు తనఖా పెట్టక్కర్లేదు.

ఇక్కడి దారులు చెప్తాను. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ (ఒకప్పటి నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్) కళాచరిత్ర, కన్జర్వేషన్, మ్యూజియాలజీ (మ్యూజియం నిర్వహణ) మూడింటికీ పేరున్న చోటు. బరోడా ఎంఎస్ యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీది 1950 నుంచి వస్తున్న సంప్రదాయం. జేఎన్‌యూలో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఈస్థటిక్స్ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఆర్ట్ హిస్టరీ పీజీ ఉంది. ఎంట్రన్సుల వివరాలు వాటి వెబ్‌సైట్లలో దొరుకుతాయి, మీ అమ్మాయి ఈపాటికే చూసి ఉంటుంది. నన్నడిగితే ఆమెకు కన్జర్వేషన్ మొదటి ఎంపిక కావాలి, కళాచరిత్ర రెండోది. కెమిస్ట్రీ చదివి ఈ వైపు వచ్చేవాళ్లు తక్కువ. ఆమె బలం అక్కడే ఉంది.

ఉద్యోగాల గురించి తీపి మాటలు చెప్పను. ప్రభుత్వ మ్యూజియంలలో, పురావస్తు శాఖలో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం. మొదటి కొన్నేళ్లు ప్రాజెక్టు పనులు, కాంట్రాక్టు జీతాలు. యాక్సెషన్ రిజిస్టర్‌లో (మ్యూజియంకు చేరిన వస్తువుల పట్టీ) ఒక్కో వస్తువు కొలతలు రాయడం, పగుళ్లు గుర్తించి కండిషన్ రిపోర్ట్ తయారుచేయడం, స్టోర్‌లో తేమ చూసుకోవడం, ఇదీ రోజువారీ పని. అయినా చోట్లు పెరుగుతున్నాయి. వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ సంస్థ కన్జర్వేషన్ కేంద్రాలు, ముంబయిలో ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయ అనే మ్యూజియం ల్యాబ్, ప్రైవేటు మ్యూజియంలు ఉన్నాయి. దొంగిలించిన విగ్రహాల ఆనుపానులు తీసే పని కూడా ఉంది. తమిళనాడు నుంచి పోయిన నటరాజ విగ్రహాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2014లో తిరిగిచ్చింది. అది మనదని తేల్చడానికి పనికొచ్చినవి పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు గుడిలో ఎప్పుడో తీసి పెట్టిన ఫోటోలు. మన ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ శిల్పం కూడా అదే గ్యాలరీ నుంచి 2016లో వెనక్కి వచ్చింది. ఎవరో ఓపిగ్గా ఫోటో తీసి, నంబరు వేసి, భద్రపరచడం వల్లే ఇలాంటివి తేలతాయి.

మీ అమ్మాయి బతకగలదా అని అడిగారు. బతుకుతుంది. త్వరగా స్థిరపడకపోవచ్చు, మీ బంధువుల పిల్లల జీతాలతో పోలిస్తే ఆమె జీతం చిన్నగా కనిపించవచ్చు. కానీ చేతిలో ల్యాబ్ పని ఉన్న పిల్ల ఖాళీగా కూర్చోదు. ఒకవేళ మనసు మారినా ఆమె కెమిస్ట్రీ డిగ్రీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ తలుపు తెరిచే ఉంటుంది. అందుకే ఇంత భయపడకండి అంటున్నాను.

డిగ్రీ పరీక్షలు అవ్వగానే ఏదైనా కన్జర్వేషన్ ల్యాబ్‌కు ఇంటర్న్‌షిప్ కోసం ఆమెనే ఉత్తరం రాయమనండి, మీరు రాయకండి. బ్రాహ్మీ లిపి నేర్చుకోవడం ఈ సెలవుల్లోనే మొదలుపెట్టమనండి. ల్యాబ్‌లో కొన్ని వారాలు కుదురుగా పనిచేశాక కూడా ఇదే కావాలంటే నోయిడా, బరోడా రెండింటికీ దరఖాస్తు చేయించండి. లోన్ కాగితాల మీద మాత్రం ఇప్పుడు సంతకం పెట్టకండి.