ముందు అద్దం దించి జీపు నడిపితే కళ్లు మండుతున్నాయి... మానేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 43. నా దగ్గర మిలిటరీ మోడల్ పాత జీపు ఒకటి ఉంది. సెలవు రోజుల్లో టాప్ తీసేసి, ముందు అద్దాన్ని బానెట్ మీదికి పడుకోబెట్టి మట్టి దారుల్లో తిరుగుతాను. ఒక్కోసారి హైవే మీద కూడా అలాగే నడుపుతాను. మామూలు కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుంటాను. ఇంటికొచ్చాక రెండు కళ్లూ మండి నీళ్లు కారడం అలవాటైపోయింది. కానీ ఈసారి కుడి కన్ను ఎర్రబడి, రెప్ప వేసినప్పుడల్లా ఇసుక ఉన్నట్టు గరగరలాడుతోంది. మూడు రోజులైనా తగ్గలేదు. ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు వేస్తే ఎరుపు కాస్త తగ్గి మళ్లీ వచ్చింది. ఆ రోజు రాత్రి చెవుల్లో గుయ్‌మని మోత కూడా ఉంటుంది. మా ఆవిడ జీపు అమ్మేయమంటోంది. నిజంగా మానేయాలా? ఏ కళ్లద్దాలు వాడాలి? మా తొమ్మిదేళ్ల అబ్బాయిని ముందు సీట్లో కూర్చోబెట్టుకోవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: జీపు అమ్మాల్సిన పనేమీ లేదు. అయితే ఇది చదవగానే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మీరు రాసినవాటిలో రెండు వేర్వేరు సమస్యలున్నాయి, రెండింటినీ ఒకే గాటన కట్టేశారు. రెండు కళ్లూ ఒకేలా మండి, నీళ్లు కారి, కొన్ని గంటల్లో సర్దుకుంటే అది గాలి పని. ఒక్క కన్నే ఎర్రబడి రోజుల తరబడి గరగరలాడుతుంటే గాలి మోసుకొచ్చిన నలుసునే ముందు అనుమానించాలి. గాలికి కుడి ఎడమల తేడా ఉండదు కదా.

రెప్ప వేసినప్పుడల్లా గుచ్చుకుంటోందన్నారు. అది మంచి ఆనవాలు. చిన్న నలుసు పై రెప్ప లోపలి వైపు అతుక్కుపోతే, రెప్ప పడ్డ ప్రతిసారీ నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను గీస్తూ ఉంటుంది. అద్దంలో ఎంత చూసుకున్నా అది మీకు కనిపించదు. రెప్పను తిరగేసి చూడాలి. డాక్టర్ కంట్లో ఫ్లోరెసిన్ అనే పసుపు రంగు మందు వేసి నీలం వెలుతురులో చూస్తే గీతలు ఆకుపచ్చగా మెరుస్తాయి. నిలువు గీతలు వరసగా కనిపిస్తే నలుసు పై రెప్ప కింద ఉందని దాదాపు తేలిపోయినట్టే. దాన్ని తీసేయడం చాలాసార్లు నిమిషాల పని. పైపైన పడ్డ గీతలు సాధారణంగా రెండు మూడు రోజుల్లో మానిపోతాయి. మీకు మూడు రోజులైనా తగ్గలేదు కాబట్టే తొందరపెడుతున్నాను.

నలుసు ఏమిటన్నది కూడా ముఖ్యమే. పాత బండి కాబట్టి తుప్పు పెచ్చు లేచి పడి ఉండొచ్చు. ఇనుప రజను కార్నియాలో దిగితే ఒకటి రెండు రోజుల్లోనే దాని చుట్టూ తుప్పు వలయం కడుతుంది. నలుసుతో పాటు దాన్నీ శుభ్రం చేయాల్సి వస్తుంది. నాకు ఇంకా ఎక్కువ భయం ఆకు ముక్క, గడ్డి పరక, పొట్టు లాంటివాటితో. వాటి గీత వల్ల ఫంగస్ ఇన్ఫెక్షన్ రావచ్చు. మొదట పెద్ద నొప్పి లేకుండా మొదలై, వారం తర్వాత తెల్లటి మచ్చగా బయటపడి, చూపును దెబ్బతీసే రకం అది. అందుకే మీ దారి పక్కన చెట్లూ పొదలూ ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

ఆ పాత చుక్కల మందును ఇవాళే పక్కన పెట్టేయండి. సీసాను మాత్రం పారేయకుండా డాక్టర్‌కి చూపించండి. ఎరుపు తగ్గించే కొన్ని మందులు రక్తనాళాలను కాసేపు ముడుచుకునేలా చేస్తాయి, అంతే. ప్రభావం పోగానే కన్ను మళ్లీ ఎర్రబడుతుంది. అందులో స్టెరాయిడ్ ఉంటే ఇంకా ప్రమాదం. పైకి హాయిగా ఉంటుంది, లోపల ఫంగస్‌కో హెర్పిస్ వైరస్‌కో దారి తెరిచినట్టవుతుంది. తిమ్మిరి కలిగించే చుక్కలు కూడా ఇంట్లో వేసుకునేవి కావు. వాటితో నొప్పి పోతుంది కానీ గాయం మానదు.

వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, చీము, నల్లగుడ్డు మీద తెల్ల చుక్క, కంటిపాప గుండ్రంగా కాకుండా వంకరగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా రేపటి దాకా ఆగొద్దు. అలాంటప్పుడు కన్ను నలపకూడదు, నొక్కకూడదు, నీళ్లతో కడగకూడదు. మీరు కాంటాక్ట్ లెన్స్ వాడతారో లేదో రాయలేదు. వాడుతుంటే వెంటనే తీసేయండి. లెన్స్ పెట్టుకునేవారిలో ఎర్రకన్నును మామూలు దురదగా తీసుకోము, ఇన్ఫెక్షన్ వేగంగా ముదురుతుంది.

ఇక రెండు కళ్లూ మండే సంగతి. కంటి మీద కన్నీటి పొర పలచగా పరుచుకుని ఉంటుంది, పైన నూనె పూత దాన్ని ఆరిపోకుండా కాపాడుతుంది. ఎదురుగాలికి ఆ పొర దండెం మీద బట్టలా ఆరిపోతుంది. అసలు మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం, దారి మీద దృష్టి పెట్టి నడిపేటప్పుడు అదీ తగ్గుతుంది. పొర చిట్లగానే కన్ను మంట పుట్టి, గ్రంథులు ఒక్కసారిగా నీళ్లు వదులుతాయి. కళ్లు ఆరిపోతున్నాయని చెబితే ‘మరి నీళ్లు కారుతున్నాయేంటి’ అని అడుగుతారు చాలామంది. ఆరిపోవడం వల్లే కారుతున్నాయి. ఆ నీళ్లలో నూనె పాలు తక్కువ, నిలవకుండా జారిపోతాయి. బయల్దేరే ముందు, వచ్చాక ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీటి చుక్కలు వేసుకుంటే చాలావరకు ఉపశమనం ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండ, గాలి, దుమ్ము కలిసి తగిలితే తెల్లగుడ్డు మీద కండ పెరిగి నల్లగుడ్డు వైపు పాకే టెరీజియం వచ్చే అవకాశం ఎక్కువవుతుంది. వెళ్లినప్పుడు ఎలాగూ చూస్తారు, అదీ అడగండి.

మీ కూలింగ్ గ్లాసెస్ ఈ పనికి సరిపోవు. పక్కలు తెరిచి ఉండటంతో గాలి అంచుల దగ్గర సుడి తిరిగి దుమ్మును లోపలికే తెస్తుంది. కావలసింది ముఖానికి అతుక్కుని కూర్చునే, చుట్టూ స్పాంజ్ ఉన్న గాగుల్స్. లెన్స్ పాలికార్బొనేట్‌ది అయ్యుండాలి. దెబ్బకు గాజులా పగలదు, రంగు లేకపోయినా అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుంది. కొనేటప్పుడు జడ్87 ప్లస్ లేదా ఈఎన్ 166 గుర్తు ఉందేమో చూడండి, అవి దెబ్బ తట్టుకునే పరీక్షకు సంబంధించిన ప్రమాణాలు. పవర్ కళ్లద్దాలు ఉంటే వాటి పైనుంచి పెట్టుకునే గాగుల్స్ దొరుకుతాయి. ముదురు రంగు పగటికే పనికొస్తుంది, చీకటి పడే వేళకు రంగులేని జత ఒకటి దగ్గర ఉంచుకోండి.

మిలిటరీ జీపులకు అద్దం మడిచే ఏర్పాటు షికారు కోసం పెట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1941 నుంచి తయారైన విల్లీస్ ఎంబీ జీపుల్లో అద్దం పడుకోబెడితే బండి ఎత్తు తగ్గి శత్రువు కంట పడటం తగ్గేది, ముందుకు కాల్చడానికీ వీలుండేది. అయితే దాని వల్ల వచ్చే ముప్పు కూడా సైన్యానికి తెలుసు. దారికి అడ్డంగా మెడ ఎత్తున కట్టే తీగల నుంచి కాపాడుకోవడానికి ముందు బంపర్‌కు నిలువుగా ఇనుప కమ్మీ బిగించుకునేవారు. మీ దారిలో తీగలు కట్టేవారెవరూ ఉండకపోవచ్చు కానీ వంగిన కొమ్మలు, ముళ్ల రెమ్మలు ఉంటాయి. అవి తగిలేది సరిగ్గా ముఖానికే.

అందుకే నా అసలు సలహా గాగుల్స్ గురించి కాదు, వేగం గురించి. వేగం రెట్టింపైతే రాయి దెబ్బ నాలుగింతలవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. ఎదురుగా వచ్చే లారీ టైరు ఎగరేసిన రాయికి దాని వేగం కూడా తోడవుతుంది. గంటకు 60 కి.మీ. వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కంట్లో పురుగు పడి రెండు సెకన్లు కళ్లు గట్టిగా మూసుకుపోయాయనుకోండి, 30 మీటర్లకు పైగా గుడ్డిగా నడిపినట్టే. అద్దం దించితే మట్టి దారిలో 30 దాటకండి. హైవే ఎక్కేముందు ఆగి, అద్దం లేపి, గడియలు బిగించి, అప్పుడే వెళ్లండి. రోడ్డు మీద అద్దం దించి నడపడానికి మీ దగ్గర నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో కూడా కనుక్కోండి.

చెవుల మోతను మీరు చివర్లో ఒక్క ముక్కలో రాశారు. నేనైతే కంటి తర్వాత దానికే ప్రాధాన్యమిస్తాను. రాత్రికి గుయ్‌మని, తెల్లారేసరికి తగ్గిపోతోందంటే లోపలి చెవిలోని సన్నని కణాలు దెబ్బ తిని కోలుకుంటున్నాయన్నమాట. ప్రతిసారీ పూర్తిగా కోలుకుంటాయన్న హామీ లేదు, పోయినవి మళ్లీ పుట్టవు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటల వరకు భరించవచ్చంటారు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 94 దగ్గర గంట మాత్రమే. టాప్ ఒక్కటే తీసిన కార్లలోనే హైవే వేగంలో డ్రైవర్ చెవి దగ్గర చాలాసార్లు 85 దాటుతుంది. మీకు దానికి తోడు ఎదురుగాలి, గరుకు టైర్ల హోరు, పాత ఇంజిన్. గాలి హోరును మించి వినపడాలని పాటల సౌండ్ పెంచడం మాత్రం వద్దు. మెత్తని ఇయర్ ప్లగ్స్ వాడండి, రోడ్డు మీద వాటికి అనుమతి ఉంటే. హారన్ వాటిలోంచి కూడా వినిపిస్తుంది. మోత మర్నాటికీ తగ్గకపోయినా, ఒక చెవికే వచ్చినా, వినికిడి మందగించినా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేయించుకోండి.

చర్మం గురించి రెండు మాటలు. గాలి చల్లగా తగులుతుంటుంది కాబట్టి ఎండకు కమిలిపోతున్నా తెలియదు, చెమట పట్టిన వెంటనే ఆరిపోవడంతో దాహమూ తెలియదు. ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్‌ను చెవి డొప్పలకు, మెడ వెనక కూడా రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. నీళ్లు తాగుతూ ఉండండి. గాలి చర్మం కన్నా వేడిగా ఉంటే అది చల్లబరచదు, వేడిని ఒంట్లోకి ఎక్కిస్తుంది. అలాంటి మధ్యాహ్నాల్లో ట్రిప్ వద్దు. ఆస్తమా ఉంటే దుమ్ము దారిలో ఎన్95 మాస్క్, జేబులో ఇన్‌హేలర్ తప్పనిసరి. ఎదురుగాలి తగిలితే మూతి వంకర పోతుందని భయపెట్టేవారుంటారు. ముఖ పక్షవాతానికి గాలే కారణమని రుజువు కాలేదు, ఆ టెన్షన్ పెట్టుకోకండి.

అబ్బాయి విషయం. అద్దం దించి ఉన్నప్పుడు ముందు సీట్లో వద్దు. పిల్లలు చూస్తూ చూస్తూ చేయి బయట పెడతారు, గాగుల్స్ తీసేస్తారు, కొమ్మ వస్తుంటే పెద్దవాళ్లలా తల వంచడం వారికి తట్టదు. పాత మిలిటరీ జీపుల్లో సీట్ బెల్టులే ఉండేవి కావు. మీ బండిలోనూ లేకపోతే ముందు గట్టి రోల్ బార్ (బండి బోల్తా పడినా తల నలగకుండా కాపాడే ఇనుప కమ్మీ), ఛాసిస్‌కు, అంటే బండి చట్రానికి సరిగ్గా బిగించిన బెల్టులు పెట్టించండి. టాప్ లేని బండి బోల్తా పడితే బెల్టు లేని మనిషి బయటికి ఎగిరిపడతాడు, బండి మీద పడేదీ అతనిపైనే. అవన్నీ అమిరాక అద్దం లేపి, బాబును వెనక సీట్లో తన ఎత్తుకు తగ్గ బూస్టర్ (బెల్టు సరిగ్గా పడేలా పిల్లలను ఎత్తులో కూర్చోబెట్టే చిన్న సీటు) మీద బెల్టు పెట్టి కూర్చోబెట్టండి. వెనక సీటు పక్కకు తిరిగి ఉండే బెంచీ రకమైతే వాడిని ఎక్కించకండి, ఆ బెంచీల మీద పిల్లల బూస్టర్ సరిగా కూర్చోదు.