కమాన్ పట్టీ విరిగితే వెల్డింగ్ చాలా?

ప్రశ్న: క్యాటరింగ్ సామాను మోయడానికి కారు వెనక తగిలించే రెండు చక్రాల ట్రైలర్ వాడుతున్నాం. ఖాళీగా 250 కిలోలు, నిండితే 750. కుడివైపు కమాన్ కట్టలో (బరువు మోసే స్ప్రింగు పట్టీల దొంతర) మెయిన్ పట్టీ విరిగింది. వెల్డింగ్ చేయిస్తే చాలంటున్నారు. నిజమేనా? కొత్తది వేస్తే ఒక వైపు సరిపోతుందా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: వెల్డింగ్ జోలికి పోకండి. ఆ వేడికి పట్టీ టెంపర్ (స్ప్రింగు గట్టిదనం) పోయి, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. మార్చడం కూడా జతగానే. పాత కట్ట ఎంతోకొంత కుంగి ఉంటుంది కాబట్టి ఒక్క వైపే కొత్తది వేస్తే బండి ఒరుగుతుంది.

కొత్త కట్ట కొనడానికి జె.సి. రోడ్డుకో కలాసిపాళ్యకో వెళ్లేముందు కొలతలు రాసుకోండి: రెండు కళ్ల (మెయిన్ పట్టీ కొసల్లో బోల్టు దూరే చుట్టలు) మధ్య దూరం, ఒక్కో కన్ను నుంచి సెంటర్ బోల్టు (పట్టీలన్నిటినీ నడుమ కలిపి పట్టేది) దాకా దూరం, పట్టీ వెడల్పు, మందం, పట్టీల సంఖ్య, బుష్ (కన్నులో ఉండే గొట్టం) లోపలి వ్యాసం. విరిగినదాన్ని కాదు, ఎడమవైపు దాన్ని కొలవండి. చక్రాలు, యాక్సిల్ బరువు కమాన్ల మీద పడదు. కాబట్టి మీ బండికి వైపుకి 400 కిలోలు మోసే కట్ట చాలు. గట్టిగా ఉంటుందని రెండు పట్టీలు ఎక్కువ వేయిస్తే ఖాళీ బండి గంతులేస్తుంది, చాసిస్ అతుకులు చీలతాయి.

ట్రైలర్‌ని కారుకి తగిలించి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాల నట్లు నేలమీదే వదులు చేయండి. చాసిస్ కింద స్టాండ్లు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరొద్దు. యాక్సిల్ కింద వేరే జాకీ ఉండాలి. ఒక వైపు పూర్తయ్యాకే రెండోది విప్పండి, లేకపోతే యాక్సిల్ మొత్తం జారిపోతుంది. కట్ట యాక్సిల్‌కి పైన ఉందో కింద ఉందో చూసుకుని, అలాగే బిగించండి.

సెంటర్ బోల్టు తల, కట్ట ఆనే యాక్సిల్ సీటు రంధ్రంలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. కట్టని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు, నట్లు కొత్తవే వాడాలి; పాతవి ఒకసారి సాగి ఉంటాయి. అరంగుళం బోల్టయితే ఎదురెదురు నట్లు మార్చి మార్చి, టార్క్ రెంచితో 60 నుంచి 90 న్యూటన్ మీటర్ల మధ్య బిగించాలి. షాకిల్ (కట్ట కొసని చాసిస్‌కి కలిపే, ఊగే లింకు) బోల్టుల సంగతి వేరు. షాకిల్ ఆడాలి, పట్టేయకూడదు. రబ్బరు బుష్‌లైతే బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. గాలిలో బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

తరవాత కారుకి తగిలించే కొక్కెం నడుమ నుంచి యాక్సిల్ రెండు కొసలకీ టేపు పట్టండి. తేడా 3 మిల్లీమీటర్లు దాటితే టైరు ఒక అంచునే అరుగుతుంది. సామానుతో 80 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ చూడండి.

ప్రశ్న: కొత్త యూ బోల్టులు వేసినా వారానికోసారి వదులవుతున్నాయి. ఎందుకు?
– మరో పాఠకురాలు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: సీటుకీ పట్టీకీ మధ్య మందపాటి పెయింటో తుప్పో ఉండి ఉంటుంది. బరువుకి అది నలిగి పల్చబడుతుంటే బిగింపు ఎలా నిలుస్తుంది? విప్పి, ఇనుము కనబడేదాకా గీకించండి. అప్పటికీ ఆగకపోతే యూ బోల్టులు బిగించే కింది ప్లేటు వంగిందేమో దాని మీద స్కేలు పెట్టి చూడండి.