సమాధానం: రూబెన్ శాండ్‌విచ్ తడిసి ముద్దవుతోందా?

అమెరికాలోని ఒమాహాలో హోటల్ స్పోర్ట్స్ బార్‌లో రూబెన్ (రై ధాన్యపు బ్రెడ్ మధ్య కార్న్‌డ్ బీఫ్, సావర్‌క్రాట్, స్విస్ చీజ్, డ్రెస్సింగ్ అనే సాస్ పెట్టి కాల్చే శాండ్‌విచ్) తెప్పించుకుంటే బ్రెడ్ మెత్తబడి విడిపోయిందనీ, ఉప్పూ పులుపూ తప్ప రుచే తెలియలేదనీ రాశారు. ఇంకోసారి తప్పకుండా ప్రయత్నించండి.

తడికి కారణం ఎక్కువగా సావర్‌క్రాట్. అది ఉప్పులో పులియబెట్టిన క్యాబేజీ. గట్టిగా పిండకుండా వేస్తే ఆ నీరంతా బ్రెడ్‌లోకి దిగుతుంది. పైగా డ్రెస్సింగ్ కూడా ఎక్కువ పోస్తే ఇక చెప్పక్కర్లేదు. ఆర్డర్ చేసేటప్పుడే "క్రాట్ బాగా పిండండి, డ్రెస్సింగ్ పక్కన పెట్టండి, రై బ్రెడ్ రెండు వైపులా కరకరలాడేలా కాల్చండి" అని చెప్పండి. ఇలా అడగడం అక్కడ మామూలే, మొహమాటపడకండి. వచ్చిన వెంటనే తినండి. మ్యాచ్ చూస్తూ పక్కన పెడితే స్విస్ చీజ్ గట్టిపడిపోతుంది.

ఉప్పదనం మాత్రం పూర్తిగా పోదు. కార్న్‌డ్ బీఫ్ అంటేనే రోజుల తరబడి ఉప్పునీటిలో ఊరబెట్టి, నెమ్మదిగా ఉడికించిన మాంసం. పక్కన ఫ్రైస్ బదులు ఉప్పు లేనిదేదైనా తీసుకోండి.

మీ ఆవిడ బీఫ్ తినరన్నారు కదా, రూబెన్‌లాంటిదే రేచల్ అనే శాండ్‌విచ్ ఉందేమో అడగండి. అందులో సాధారణంగా టర్కీ కోడి మాంసం, కోల్‌స్లా (సన్నగా తరిగిన క్యాబేజీ సలాడ్) ఉంటాయి. కొన్నిచోట్ల పాస్ట్రామి అనే మసాలా మాంసం వేస్తారు, అది సాధారణంగా బీఫే. ముందే కనుక్కోండి.

అన్నట్టు, మీరున్న ఊరు ఈ శాండ్‌విచ్ తమదేనంటుంది. 1920లలో బ్లాక్‌స్టోన్ హోటల్ పేకాట బృందంలోని రూబెన్ కులకోఫ్‌స్కీ కోసం పుట్టిందని వాళ్ల మాట. న్యూయార్క్ వాళ్లు ఆర్నాల్డ్ రూబెన్ అనే ఆయన డెలీ (శాండ్‌విచ్‌లు అమ్మే దుకాణం) పేరు చెబుతారు. ఆ బ్లాక్‌స్టోన్ భవనం ఇప్పుడు కాటన్‌వుడ్ హోటల్. వీలైతే రెండోసారి అక్కడే తినండి.