మా వాడికి మూడు స్టార్లు ఇచ్చారు, నమ్మొచ్చా?

అమెరికాలో మన పిల్లవాడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ హైస్కూల్లో పదకొండో తరగతిలోకి వస్తాడు. ఆటగాళ్ళకు ర్యాంకులిచ్చే ఏదో వెబ్‌సైటులో వాడి పేరు పక్కన మూడు నక్షత్రాలు కనపడతాయి. ఇక ఇంట్లో రెండు ప్రశ్నలు మొదలు: ఆటకి స్కాలర్‌షిప్ వచ్చి కాలేజీ ఫీజు గండం గట్టెక్కినట్టేనా? అసలు ఈ ర్యాంకుల్ని ఎంతవరకు నమ్మాలి? మొదటిదానికి జవాబు చిన్నదే, గట్టెక్కలేదు. రెండోదానికి కాస్త ఓపిగ్గా కూర్చోవాలి.

టెక్సస్‌లో డాలస్ దగ్గరి ఫ్రిస్కో, ఆలెన్, కొప్పెల్, అట్లాంటా వైపు కమ్మింగ్ లాంటి ఊళ్ళలో ఇల్లు తీసుకున్నవాళ్ళకి శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ అంటే ఏమిటో మొదటి ఏడాదే తెలిసిపోతుంది. ఆలెన్‌లో హైస్కూలు పిల్లల ఆటకే 18,000 మంది కూర్చునే స్టేడియం ఉంది. 2012లో తెరిచిన ఆ స్టేడియానికి 6 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టారు. ఇంత పిచ్చి ఉన్నచోట ర్యాంకుల వ్యాపారం పుట్టకుండా ఉంటుందా?

ఈ ర్యాంకులు ఇచ్చేది ప్రభుత్వమో, స్కూలు బోర్డో, కాలేజీల సంఘమో కాదు. 247స్పోర్ట్స్, రైవల్స్, ఈఎస్‌పీఎన్ లాంటి మీడియా సంస్థలు. రైవల్స్‌ని 2025లో ఆన్3 కొనేసింది. ఇవన్నీ ఇచ్చిన మార్కుల్ని కలిపి 247స్పోర్ట్స్ తయారుచేసే సగటును కాంపోజిట్ అంటారు. చూడదలిస్తే అదొక్కటి చూడండి, విడివిడిగా ఏ ఒక్కరిచ్చిన ర్యాంకు కన్నా అదే నయం. ఒకరికి నచ్చినవాడు ఇంకొకరికి నచ్చకపోవడం ఈ రంగంలో మామూలు, సగటు తీస్తే ఆ ఎగుడుదిగుళ్ళు కొంత సర్దుకుంటాయి.

మన బుర్రలో ర్యాంకు అంటే మన రోజుల ఎంసెట్ ర్యాంకు. అందరికీ ఒకే పేపరు, ఒకే కీ, మార్కుల్ని బట్టి వరస. ఇక్కడ ఒకే పేపరంటూ లేదు. ఒక పిల్లవాడు టెక్సస్‌లో పెద్ద స్కూళ్ళ మీద ఆడతాడు, ఇంకొకడు మొంటానాలో అంతా కలిపి రెండొందల మంది ఉన్న స్కూళ్ళ మీద ఆడతాడు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి చూసినవాడు లేడు. ర్యాంకు ఇచ్చేవాళ్ళు హడల్‌లో (ఆటల వీడియోలు పెట్టే సైటు) వీడియోలు చూస్తారు, క్యాంపుల్లో కొలతలు తీసుకుంటారు, కోచ్‌లతో మాట్లాడతారు, ఆ తర్వాత ఒక అంచనా రాస్తారు. ఆ అంచనా కూడా నేటి ఆట గురించి కాదు. మూడు నాలుగేళ్ళ తర్వాత ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్టులో, అంటే ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని వరసగా ఎంచుకునేచోట, వీడు ఎక్కడుంటాడన్నదే వాళ్ళ లెక్క. డ్రాఫ్టు మొదటి రౌండులో 32 మందిని తీసుకుంటారు కాబట్టే ఐదు స్టార్లు కూడా ఏటా దాదాపు అంతమందికే ఇస్తారు. నాలుగు స్టార్లు మూడు నాలుగొందల మందికి, మూడు స్టార్లు వెయ్యికి పైనే. అంటే మూడు స్టార్లన్నది చాలా పెద్ద గుంపు. ఆ గుంపులో పైవాడికీ కిందివాడికీ ఉన్న తేడా, నాలుగు స్టార్లకీ మూడు స్టార్లకీ ఉన్న తేడా కన్నా ఎక్కువ.

కాంపోజిట్‌లో 0.98 దాటినవాళ్ళు ఐదు స్టార్లవాళ్ళు, 0.89 దగ్గర నాలుగు స్టార్ల గీత ఉంటుంది. 0.8895 వచ్చినవాడికి మూడు, 0.8905 వచ్చినవాడికి నాలుగు. ఇద్దరి ఆటలో వీసమెత్తు తేడా ఉండకపోవచ్చు. అందుకని నక్షత్రాలు లెక్కపెట్టకుండా దశాంశం తర్వాతి అంకెలు చూడండి. 0.88 మీదున్న కుర్రవాడి కోసం పెద్ద కాన్ఫరెన్సుల (తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపులు) కాలేజీలు పోటీపడతాయి. 0.82 దగ్గరున్నవాడికి చిన్న కాన్ఫరెన్సు నుంచి ఒకటి రెండు స్కాలర్‌షిప్ ఆఫర్లు వస్తే గొప్ప. బయటికి మాత్రం ఇద్దరూ త్రీ స్టార్లే.

మరి నమ్మొచ్చా? గుంపును చూస్తే నమ్మొచ్చు, ఒక్కడిని చూస్తే నమ్మలేం. ఐదు స్టార్ల పిల్లల్లో డ్రాఫ్టు దాకా వెళ్ళేవాళ్ళ శాతం మూడు స్టార్లవాళ్ళతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇది ఏటా కనపడేదే. కానీ తలలు లెక్కపెడితే డ్రాఫ్టులో మూడు స్టార్లవాళ్ళు, ఆ కిందివాళ్ళే ఎక్కువమంది తేలతారు, ఎందుకంటే బయల్దేరినప్పుడే వాళ్ళు ఎక్కువ. “సూపర్ బౌల్ (ఎన్ఎఫ్ఎల్ ఫైనల్) ఆడేవాళ్ళలో సగం మందికి పైగా త్రీ స్టార్లే, కాబట్టి ర్యాంకులన్నీ ఉత్తవి” అని వాట్సాప్‌లో తిరిగే వాదనలో తప్పు ఇక్కడే ఉంది. తలలు లెక్కపెట్టారు, శాతం చూడలేదు.

టెక్సస్ పిల్లల్నే చూడండి. ఆలెన్ హైస్కూలు కుర్రవాడు కైలర్ మరీకి ఐదు స్టార్లు ఇచ్చారు. అతను 2018లో కాలేజీ ఆటగాళ్ళలో ఉత్తముడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు, 2019 డ్రాఫ్టులో మొట్టమొదటి పేరు అతనిదే. సౌత్‌లేక్ క్యారల్ స్కూలు క్విన్ యూవర్స్‌కి కాంపోజిట్‌లో పూర్తి 1.0000 ఇచ్చారు. అతను టెక్సస్ యూనివర్సిటీ జట్టును రెండుసార్లు జాతీయ ప్లేఆఫ్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్ళాడు, అయినా 2025 డ్రాఫ్టులో పేరు పిలిచింది ఏడో రౌండులో, 231వ స్థానంలో. ఎన్ఎఫ్ఎల్‌లో పేరుమోసిన ప్యాట్రిక్ మహోమ్స్‌కి అప్పట్లో ఇచ్చింది మూడు స్టార్లు. బేకర్ మేఫీల్డ్ టెక్సస్ టెక్ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా చేరి, ఓక్లహోమాలో హైస్మన్ గెలిచి, 2018లో మొదటి పిక్ అయ్యాడు. అదే ఏడాది ఏడో పిక్‌గా వెళ్ళిన కాలిఫోర్నియా రైతుబిడ్డ జాష్ ఆలెన్‌కి హైస్కూలు అయ్యేసరికి పెద్ద కాలేజీల నుంచి ఒక్క ఆఫరూ లేదు. హైస్కూలు తర్వాతి రెండేళ్ళ జూనియర్ కాలేజీకి వెళ్ళి, అక్కడి నుంచి వయోమింగ్ యూనివర్సిటీలో చేరాడు. ఈ పేర్లు చూసి మన వాడూ జాష్ ఆలెన్ అవుతాడని అనుకుంటే మాత్రం లెక్క తప్పినట్టే. దేశంలో హైస్కూలు ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు సుమారు 10 లక్షలు. వాళ్ళలో ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంఘం) కాలేజీల్లో ఆడేది 7 శాతం, అందులో అన్నిటికన్నా పై స్థాయి అయిన డివిజన్ 1లో ఆడేది 3 శాతం.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న సామెతను ఈ ర్యాంకులు కాస్త ఎక్కువగానే నమ్ముతాయి. పదిహేనేళ్ళకే మీసాలొచ్చి 200 పౌండ్లున్న పిల్లవాడు తొమ్మిదో తరగతి నుంచే జాబితాలోకి ఎక్కుతాడు. కొన్నిచోట్ల తల్లిదండ్రులు ఎనిమిదో తరగతిలో కావాలని ఒక ఏడాది ఆపేస్తారు కూడా. ఒకే తరగతిలో ఏడాదికి పైగా వయసు తేడా ఉంటే, ఆ బలం వయసుదా, ప్రతిభదా అన్నది వీడియోలో తెలియదు. లేటుగా ఎదిగే పిల్లవాడికి ఇక్కడ అన్యాయం జరుగుతుంది. మన పిల్లల్లో అలాంటివాళ్ళుంటే పదో తరగతి ర్యాంకును పట్టించుకోనే వద్దు.

పొజిషన్‌ను బట్టి కూడా నమ్మకం మారుతుంది. పరిగెత్తేవాళ్ళని, అంటే రిసీవర్లు, కార్నర్‌బ్యాక్‌లు, రన్నింగ్ బ్యాక్‌లని అంచనా వేయడం కాస్త తేలిక, వేగం కళ్ళకు కనపడుతుంది. ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్ళని అడ్డుకునే అఫెన్సివ్ లైన్‌మన్ సంగతి అలా కాదు. 240 పౌండ్ల కుర్రవాడు 300 అవ్వాలి, అయ్యాక కూడా కాళ్ళు కదలాలి. బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ విషయంలో చేతి బలం తెలుస్తుంది గానీ, ముగ్గురు మీద పడుతుంటే బుర్ర ఎలా పనిచేస్తుందో తెలియదు. బంతిని తన్నే కికర్లకు, వాళ్ళ కోసం బంతిని వెనక్కి విసిరే లాంగ్ స్నాపర్లకు ఈ స్టార్లు దాదాపు పనికిరావు. సాకర్ ఆడి కికర్‌గా మారిన పిల్లలు, ఆ విద్యకే ప్రత్యేకంగా నడిచే క్యాంపుల ర్యాంకులు చూసుకోవాలి, పైగా వాళ్ళలో చాలామందికి మొదట దొరికేది ప్రిఫర్డ్ వాక్-ఆన్ చోటే, స్కాలర్‌షిప్ కాదు.

ఇంకో చిక్కు ఉంది. అలబామానో, జార్జియానో, ఒహాయో స్టేటో లాంటి పెద్ద జట్టున్న కాలేజీ ఒక పిల్లవాడికి ఆఫర్ ఇచ్చిందనుకోండి, తర్వాతి సవరణలో వాడి ర్యాంకు పైకి జరగడం తరచూ చూస్తాం. ఆట మారలేదు, గిరాకీ మారింది. అందుకే ర్యాంకు కన్నా ఆఫర్ల జాబితా నమ్మదగ్గది. ర్యాంకు రాసేవాడు తప్పు రాస్తే పోయేదేం లేదు. కోచ్ తప్పు చేస్తే ఒక స్కాలర్‌షిప్ వృథా, రెండుసార్లు చేస్తే ఉద్యోగమే పోతుంది.

ఆఫర్లలోనూ గట్టివీ ఉంటాయి, గాలివీ ఉంటాయి. ఎక్స్‌లో (పాత ట్విటర్) “ఆఫర్ వచ్చింది” అని పెట్టిన ప్రతిదాన్నీ నమ్ముకోవద్దు. కోచ్‌ని పిల్లవాడి చేతే ఒక్క ముక్క అడిగించండి: “నేను ఇవాళ కమిట్ అయితే మీరు తీసుకుంటారా?” అవునంటే అది ఆఫర్. “ముందు జూన్‌లో మా క్యాంపుకి రా, చూద్దాం” అంటే అది ఇంకా ఆహ్వానమే. పదకొండో తరగతి సెప్టెంబరు 1 నుంచి డివిజన్ 1 కోచ్‌లు నేరుగా మెసేజ్‌లు పంపొచ్చు. ఆ తేదీ దాటాక రెండు నెలలైనా, పిల్లవాడి పేరు పెట్టి, వాడి ఫలానా ఆట చూశామని రాసిన మెసేజ్ ఒక్కటీ రాకపోతే, వచ్చినవన్నీ క్యాంపు కరపత్రాలే అయితే, ఆ స్థాయి కాలేజీల ఆశ కాస్త తగ్గించుకుని డివిజన్ 2, డివిజన్ 3 వైపు చూడాలి. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు, కానీ చదువుకు, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం ఉంటుంది. ఐవీ లీగ్‌లోనూ ఆటకి డబ్బు ఇవ్వరు.

కొలతల దగ్గర మోసపోయేవాళ్ళు ఎక్కువ. 40 గజాల పరుగును స్టాప్‌వాచ్‌తో చేతితో తీస్తే, లేజరుతో తీసినదాని కన్నా సుమారు 0.2 సెకను తక్కువ చూపిస్తుంది. ఇంట్లో 4.5 అనుకున్నది క్యాంపులో 4.7 అయ్యేది ఇలాగే. ఎత్తు, బరువు కూడా స్కూలు రోస్టర్‌లో (ఆటగాళ్ళ జాబితా) ఉదారంగా రాస్తారు, కోచ్‌లకి ఆ సంగతి తెలుసు. నమ్మేది క్యాంపులో కొలిచిన ఎత్తుని, చేయి పొడవుని, ఇంకా ట్రాక్ మీట్ (అథ్లెటిక్స్ పోటీలు) ఫలితాల్ని. అందుకే వసంతంలో పిల్లవాడిని ట్రాక్‌లో చేర్చండి. పరిగెత్తేవాడు 100 మీటర్లు, లైన్‌మన్ అయితే షాట్‌పుట్, డిస్కస్. అక్కడి ఎలక్ట్రానిక్ టైముకి, టేపు కొలతకి ఎవరూ అడ్డం చెప్పరు, ఖర్చూ పెద్దగా ఉండదు.

హడల్ వీడియో నాలుగు నిమిషాలు దాటకూడదు. అన్నిటికన్నా మంచి ఆట మొదటిదిగా పెట్టాలి, చివరికి దాచుకుంటే అక్కడిదాకా చూసేవాడుండడు. బంతి కదలకముందే పిల్లవాడి చుట్టూ గుర్తు కనపడాలి. మొదటి తెర మీద పేరు, పొజిషన్, కొలిచిన ఎత్తు బరువు, పాసయ్యే సంవత్సరం, జీపీఏ, స్కూలు కోచ్ ఫోన్ నంబరు. పక్కనే ఒక పూర్తి మ్యాచ్ లింకు. ఆసక్తి ఉన్న కోచ్ తప్పకుండా అడిగేది అదే, ఎందుకంటే ఏరి పెట్టిన ఇరవై ఆటల్లో అందరూ మొనగాళ్ళే.

వేల డాలర్లు తీసుకుని ప్రొఫైల్ పెట్టి కోచ్‌లకి పంపుతామనే కంపెనీలుంటాయి. వాటికీ స్టార్లకీ సంబంధం లేదు. వాళ్ళు పంపే ఈమెయిల్ మీ వాడు సొంతంగా పంపొచ్చు, సొంతంగా పంపితేనే కోచ్ చదువుతాడు. ఆ డబ్బుతో వాడికి నిజంగా సరిపోయే మూడు నాలుగు కాలేజీల వేసవి క్యాంపులకు తీసుకెళ్ళండి. ఒక రోజు క్యాంపు సాధారణంగా వంద డాలర్ల లోపే ఉంటుంది, అక్కడి కోచ్ తన కళ్ళతో చూస్తాడు.

కాలేజీల వైపు నుంచి చూస్తే ఇప్పుడు చోట్లే తగ్గాయి. ఆటగాళ్ళు ఒక కాలేజీ నుంచి ఇంకోదానికి మారడానికి పేరు రాయించుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక కోచ్‌లు పద్దెనిమిదేళ్ళ పిల్లవాడి బదులు, రెండేళ్ళు కాలేజీలో ఆడి నిరూపించుకున్నవాడిని తీసుకుంటున్నారు. 2025లో కాలేజీ ఆటగాళ్ళకి డబ్బు చెల్లించడం మీద నడిచిన హౌస్ కేసు సెటిల్‌మెంటు తర్వాత, అందులో చేరిన కాలేజీల్లో ఫుట్‌బాల్ జట్టుకు 105 మందే పరిమితి. పాత 85 స్కాలర్‌షిప్‌ల లెక్క పోయింది, ఇప్పుడు ముక్కలు చేసి కూడా ఇవ్వొచ్చు. కాబట్టి “స్కాలర్‌షిప్” అన్న మాట వినగానే సంతోషపడకుండా, ఎంత శాతం, ఎన్నేళ్ళు, హాస్టలు భోజనం కలిపేనా అని కాగితం మీద అడగండి. ఆ కాలేజీ రోస్టర్ తెరిచి, మీ వాడి పొజిషన్‌లో ఎందరున్నారో, వాళ్ళలో పోర్టల్ నుంచి వచ్చినవాళ్ళెందరో లెక్కపెట్టండి. పది నిమిషాల పని, ఏ ర్యాంకూ చెప్పని సంగతి చెబుతుంది.

ఇక మనలాంటి వలస కుటుంబాలకు మాత్రమే వచ్చే చిక్కు వీసా. హెచ్-4 (హెచ్-1బి మీదున్నవాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీదున్న పిల్లవాడు స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు. కానీ వాడికి పనిచేసే అనుమతి లేదు, కాబట్టి పేరు, ఫొటో వాడుకున్నందుకు ఇచ్చే ఎన్ఐఎల్ డబ్బు, కాలేజీ పంచే ఆదాయం ముట్టుకుంటే స్టేటస్‌కే ముప్పు. 21 ఏళ్ళు నిండి ఎఫ్-1 (విద్యార్థి వీసా)కి మారినా ఇదే చిక్కు. ఊళ్ళో రెస్టారెంటు వాడు ఉచిత భోజనాలకు బదులుగా ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పోస్టు అడిగినా, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగందే ఒప్పుకోవద్దు.

మధ్యలో ఇండియా నుంచి వచ్చిన పిల్లలైతే, ఆడే అర్హత తేల్చే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ తొమ్మిదో తరగతి నుంచీ మార్కులు అడుగుతుంది. పదో తరగతి మెమో ఎలాగూ దాస్తాం, తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ రిపోర్టే పారేస్తాం. హైదరాబాదులోనో విజయవాడలోనో చదివిన స్కూలు నుంచి దాన్ని సంతకం, సీలుతో ముందే తెప్పించుకోండి. డివిజన్ 1కి హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ముఖ్యమైన సబ్జెక్టులవి), వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. ఆ 16లో 10 పన్నెండో తరగతి మొదలయ్యేలోపే అయిపోవాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు అయి ఉండాలి. ఇది పదో తరగతిలోనే స్కూలు కౌన్సిలర్‌తో కూర్చుని చూసుకోవాల్సిన లెక్క. పన్నెండులోకి వచ్చాక తెలిస్తే చేయగలిగింది పెద్దగా ఉండదు.