రోజుకో ఫొటో తీస్తానన్న మేనకోడలికి

చిత్తూరు,
ఆదివారం

చిరంజీవి పాపను మామ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ అత్త మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. జనవరి ఒకటి నుంచి రోజుకొకటి చొప్పున 365 ఫొటోలు తీస్తావట కదా. "ఆఫీసు పనికే వేళకు తినదు, ఇప్పుడు ఇదొకటి నెత్తిన పెట్టుకుంది, నువ్వైనా చెప్పన్నా" అని దాని బాధ. చెబుతాలే అని పెట్టేశాను. పెట్టేసి ఏం చేశానో తెలుసా? అటక మీది పెట్టె దింపించి, పాత పెంటాక్స్ కెమెరా తీసి తుడుచుకుంటూ పదకొండు దాకా కూర్చున్నా. తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందులో ముప్పై ఏళ్లు స్టూడియో నడిపినవాడి ఇంట్లో, ఇన్నాళ్లకు ఒక్కరు కెమెరా పడతామన్నారు. మావాడు తన పెళ్లి ఆల్బమే సరిగ్గా చూసుకోలేదు.

ఏ కెమెరా కొనాలి అని అడక్కు. చేతిలో ఉన్న ఫోన్ చాలు. లెన్సు మెత్తటి గుడ్డతో తుడువు. తెర మీద అడ్డం నిలువు గ్రిడ్ గీతలు ఆన్ చేసుకో. రోజూ రాత్రి ఇంకోచోట కాపీ పెట్టు. మిగతావి నీకు నాకన్నా బాగా తెలుసు.

మొదటి పదిహేను రోజులు సరదాగా సాగిపోతాయి. గోవిందరాజస్వామి గోపురం, లీలామహల్ సర్కిల్ రాత్రి లైట్లు, చంద్రగిరి కోట, అన్నీ అయిపోతాయి. నలభయ్యో రోజు వచ్చేసరికి తీయడానికి ఏమీ లేదనిపిస్తుంది. అప్పుడు బయటికి పరిగెత్తకు, వంటింట్లోకి పో. పొద్దున ఏడింటికి మీ ఇంటి తూర్పు కిటికీలోంచి వచ్చే వెలుతురులో మీ అమ్మ బియ్యం చెరుగుతుంటే చూడు. స్టూడియోలో కరెంటు పోయినప్పుడల్లా పాస్‌పోర్టు ఫొటోలకు మనుషుల్ని వీధి గుమ్మంలో స్టూలు వేసి కూర్చోబెట్టేవాణ్ణి. ఎదురింటి సున్నపు గోడ మీద పడి తిరిగొచ్చే వెలుతురు నా గొడుగు లైటు కంటే బాగుండేది. అప్పట్లో ఊటీలో తయారయ్యే ఇందు ఫిల్ము మీద ఆ మొహాలు ఎంత మెత్తగా వచ్చేవో! మే నెల మిట్టమధ్యాహ్నం మాత్రం ఎవర్నీ ఎండలో నిలబెట్టొద్దు. కళ్ల కింద బొగ్గు పూసినట్టు పడుతుంది.

బొగ్గు అంటే గుర్తొచ్చింది. మేలో తిరుపతి గంగమ్మ జాతర వదులుకోవద్దు, జనం రోజుకో వేషం కడతారు. బైరాగి వేషం రోజు ఒళ్లంతా తెల్లటి నామకొమ్ము పొడి, తోటి వేషం రోజు ఒళ్లంతా బొగ్గు. ఈ రెండు రోజులూ కెమెరా మాట నమ్మకు. దానికి తెలుపూ నలుపూ తెలియవు, ఫ్రేమంతా ఏది నిండినా బూడిదరంగు చేసేస్తుంది. కాబట్టి తెల్లటి వేషానికి కెమెరాలో వెలుతురు కాస్త పెంచు, నల్లటి వేషానికి తగ్గించు. వింతగా అనిపిస్తుంది కానీ చేసి చూడు.

వారానికి ఒకటి 'క్రియేటివ్' ఫొటో అని కూడా అన్నావట. మేమూ చేశాంలే ఆ వేషాలు. లెన్సు ముందు నల్ల అట్ట సగానికి అడ్డం పెట్టి ఒకసారి నొక్కేది, రీలు తిప్పకుండా అట్టను రెండో పక్కకు మార్చి మళ్లీ నొక్కేది. ఒకే మనిషి రెండుచోట్ల పడేది. మీ అమ్మకు పద్నాలుగేళ్లప్పుడు అలాగే తీశాను, ఇద్దరు మీ అమ్మలు ఎదురెదురుగా కూర్చుని పులిజూదం ఆడుతున్నట్టు. అట్ట కాస్త పక్కకు జరిగి ఒకామెకు మోచెయ్యి మాయమైంది. మా అమ్మ ఆ ఫొటో చూసి ముందు నన్ను తిట్టి, తర్వాత మీ అమ్మకు దిష్టి తీసింది. అడిగి చూడు, ఇంకా ఎక్కడో దాచే ఉంటుంది.

ఇప్పుడు నా భయాలు. నవ్వుకో, కానీ విను. తెల్లారకముందు అలిపిరి మెట్ల దారిలో ఫొటోలకని ఒంటరిగా పోవద్దు. 2023 ఆగస్టులో ఆ దారిలోనే చిరుత ఒక పసిబిడ్డను పొట్టన పెట్టుకుంది. ఎర్రచందనం చెట్టు ఫొటో కోసం అడవిలోకి దూరావంటే ఫారెస్టు వాళ్లకు జవాబు చెప్పుకోలేవు. కొండమీద గుళ్లోకి ఫోనే పోనివ్వరు, డ్రోన్ ఊసెత్తకు. గుండు చేయించుకుని ఏడుస్తున్న పిల్లాడు ఫొటోలో ముద్దుగా ఉంటాడు, నిజమే. ముందు వాడి తల్లిని అడుగు. రోడ్డు మీద తెర చూసుకుంటూ వెనక్కి నడవకు. నేనలా నడిచి కాలువలో పడ్డాను.

వీటన్నిటికంటే పెద్ద భయం ఇంకోటుంది. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

1984లో పాకాల వైపు ఒక పల్లెలో పెళ్లి. నాకు ఇరవై నాలుగేళ్లు. మద్రాసు బర్మా బజారులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పెంటాక్స్ కె1000 చేతికొచ్చి నెల కూడా కాలేదు. కలర్ రీలంటే అప్పట్లో బంగారం, 36 ఫొటోల రీళ్లు రెండిటికే ఒప్పుకున్నారు. ముహూర్తం తెల్లవారుజామున. పెట్రోమాక్స్ వెలుతురులో రీలు వేశాను. రీలు కొసను కుడివైపు చక్రం గాడిలో దూర్చి, అంచు రంధ్రాలు పళ్లకు తగులుకున్నాయో లేదో చూసి మూత వెయ్యాలి. తర్వాత రీలు ముందుకు జరిపే లివర్ లాగితే ఎడమవైపు పైనున్న మర దానంతటది తిరగాలి. అది తిరిగితేనే లోపల రీలు కదులుతున్నట్టు. "ఫొటో అబ్బయా, గౌరీపూజ అయిపోతా ఉంది" అని ఎవరో కేకేశారు. ఆ మర వంక చూడకుండా పరిగెత్తాను.

జీలకర్ర బెల్లం తీశాను. అక్షింతలు లెన్సు మీద రాలుతుంటే మోకాళ్ల మీద కూర్చుని తాళి కట్టడం తీశాను. తలంబ్రాలు తీశాను. 36 అయింది. 37, 38 కూడా అయ్యాయి. ఒకటి రెండు ఎక్కువ రావడం మామూలే. రీలు అయిపోతే బిగుసుకోవాల్సిన లివర్ ఆ తర్వాత కూడా మెత్తగా పోతూనే ఉంది. ఎడమ మర పట్టుకుని తిప్పితే అడ్డం లేకుండా ఉత్తినే తిరిగింది. కాళ్లలో సత్తువ పోయింది. ఒక్క ఫొటో కూడా పడలేదు పాపా.

పెళ్లివాళ్లు ఇంకా పీటల మీదే ఉన్నారు. తప్పు జరిగిందయ్యా, ఒక్కసారి చేతులు అలా పెట్టండి అని అడిగి ఉంటే నాలుగు తిట్లు తిట్టి పెట్టేవాళ్లే. నోరు పెగల్లేదు. పశువుల కొట్టం వెనక్కి పోయి అదే రీలు సరిగ్గా వేసుకొచ్చి, అప్పగింతలూ భోజనాలూ తీశాను. "తాళి కట్టేది పడిందా నాయనా?" అని పెండ్లికూతురి తండ్రి అడిగాడు. బాగా పడింది అన్నాను.

ఆల్బమ్‌లో ఆ పేజీ ఖాళీగా ఇవ్వలేను కదా. అంతకుముందు ఇంకో పెళ్లిలో తీసిన నెగటివ్ ఒకటి ఉంది. మొహాలు కనబడవు. వంచిన మెడ, కనకాంబరాలు, పసుపుతాడు, ముడి వేస్తున్న రెండు చేతులు. అది ప్రింటు వేయించి అతికించాను. ఎవరూ కనిపెట్టలేదు. మొత్తం డబ్బులిచ్చి, ఐదు కిలోల బెల్లం కూడా ఇచ్చి పంపారు.

2003లో ఆ పెండ్లికూతురు తన కూతురి పాస్‌పోర్టు ఫొటోకని స్టూడియోకు వచ్చింది. చిల్లర ఇస్తుంటే మెల్లగా అంది: "అన్నా, ఆ తాళి కట్టే ఫొటోలో చేతులు మా ఆయనవి కావు గదా." నేను బిగుసుకుపోయాను. "ఆయనకు కుడి బొటనవేలికి గోరు లేదు. చిన్నప్పుడు చెరుకు గానుగలో నలిగింది. ఆల్బం వచ్చిన దినమే చూసినా. మా నాయనకు తెలిస్తే నిన్ను బతకనీడని చెప్పలా." ఒక్క మాట తిట్టలేదు. "ఆ పేజీ వచ్చేటప్పటికి తిప్పేస్తా అన్నా" అని చిల్లర తీసుకుని వెళ్లిపోయింది.

పందొమ్మిదేళ్లు తిప్పేసింది. ఖాళీ పేజీ ఇచ్చి ఉంటే, నన్ను తిట్టుకుంటూ అయినా అక్కడ తన పెళ్లే చూసుకునేది.

నీకూ అలాంటి రాత్రి వస్తుంది. జ్వరమో, ఆఫీసులో ఆలస్యమో. పదకొండూ యాభైకి గుర్తొస్తుంది. ఫోన్లో మొన్న తీసిన మంచి ఫొటో ఒకటి మిగిలే ఉంటుంది. దానికి ఈ రోజు తేదీ వేస్తే ఎవరికీ తెలియదు. వెయ్యకు. సగం అయిపోయిన మాత్రల షీటు తియ్యి, చీకటి గది తియ్యి, అదీ కుదరకపోతే ఖాళీ వదిలెయ్. 365కు 340 వస్తే చాలు, నేనేమీ అనను. మీ అమ్మ అంటే నాకు ఫోన్ చెయ్యి.

జూన్, జూలైలో రెండు రోజులు సెలవు పెట్టి చిత్తూరు రా. గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, డ్రైవర్లు కాయల మీదే నిద్రపోతుంటారు. ఒక వారానికి సరిపడా దొరుకుతుంది. మీ అత్త కూడా నిన్ను చూసినట్టుంటుంది.

జనవరి ఒకటో తేదీ ఫొటో నాకు వాట్సాప్‌లో పంపొద్దు. ప్రింటు వేయించి, వెనక తేదీ రాసి పోస్టు చెయ్యి. పెంటాక్స్ నీకే ఇస్తాను, పని చేస్తూనే ఉంది. ఫోన్‌తో విసుగొచ్చినప్పుడు తీసుకుపో. అందులో మొదటి రీలు వేసే రోజు మాత్రం నా పక్కన కూర్చుని వెయ్యి. నువ్వు లివర్ లాగు, ఎడమవైపు మర నేను చూస్తుంటా.

ఇట్లు,
మీ మామ